ఏడో హంస

ఈ వ్రాత ఎందుకో ముందుగా చెప్పడం క్రమం. గత నెలలో మా విశ్రాంత ఉద్యోగుల బృందం ఒక రోజు బెంగుళూరు చూసి రావడానికి బస్సు మాట్లాడుకుంది. నేనూ వెళ్ళాను. మెట్రో స్తంభాల నీడలో బస్సు గంటసేపు కదలక నిలిచిపోయింది. కాలక్షేపానికి ఒక మాజీ గుమాస్తా మైకు అందుకున్నాడు. అతడు మా వీధికి రెండు వీధుల అవతల పుట్టినవాడు. నేనెవరి కూతురినో ఎరుగడు.

"మా పక్క వీధిలో వెనకటికి ఒక నేతాయన ఉండెనంట. బెంగుళూరు చూసేదానికని పోయి, పూలతోటలో ఎవరో ఆడమనిషి పైట పట్టుకున్యాడంట. చెంప మీద ఒకటి పడేసరికి ఊరు చూసిందీ అయిపోయ, మగ్గం నేసిందీ అయిపోయ!"

బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ నేతాయన మా నాయన. జరిగినది మొదటి నుండి చివరి దాకా చూసినవారిలో ఇప్పుడు బ్రతికి ఉన్నది నేను ఒక్కతెనే. అడిగిన దానికి జవాబు చెప్పని పిల్లలను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో నిలబెట్టిన మనిషిని. ఆ రోజు బస్సులో నేను మాట్లాడలేదు కనుక, ఇక్కడ వ్రాస్తున్నాను. పేర్లు, సంవత్సరాలు వదిలివేశాను. వాటి వల్ల ఈ విషయం మారదు.

మాది ధర్మవరంలో ఒక నేత వీధి. వీధి మొదట్లోనే రెండు వాసనలు ఎదురొచ్చేవి. ఒకటి సబ్బునీళ్ళలో పట్టు ఉడికే వాసన. తడిసిన గొర్రె బొచ్చు వాసనకు దగ్గరగా ఉంటుంది. రెండవది చెనక్కాయలు వేయించే వాసన. మా ఇంట్లో ముందు గదే మగ్గం గది. నేలలో నడుము లోతు గుంత, అందులో కాళ్ళు దించుకుని నాయన కూర్చునేవాడు. పైన ఒకే ఒక గవాక్షం. మధ్యాహ్నం కూడా ఆ గదిలో సాయంత్రంలా ఉండేది.

ఆ మగ్గానికి ఒక ప్రత్యేకత ఉంది. హంసల అంచు. ఆ అంచు బొమ్మను గుడ్డలోకి తెచ్చే నమూనా దారాలు కట్టినది మా తాత. వరుసగా ఆరు హంసలు ముందుకు చూస్తూ నడుస్తాయి. ఏడవ హంస తల వెనక్కి తిప్పి చూస్తుంది. మళ్ళీ ఆరు, మళ్ళీ ఒకటి. తాత పొరపాటున అలా కట్టాడో, కావాలని కట్టాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ అంచు మా మగ్గం మీద తప్ప మరెక్కడా దిగలేదు.

మా వీధిలో మనిషిని పలకరించే పద్ధతి కూడా చెప్పాలి. ఎవరు గడప దగ్గరికి వచ్చినా, ఆడవారైనా మగవారైనా, ముందు వారి పైట అంచునో కండువా కొసనో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపేవారు. "ఎవరి మగ్గం ఇది?" అన్న తర్వాతే "బాగుండావా?" అనేవారు. అందులో తప్పు ఎవరికీ కనిపించలేదు. గుడ్డ సంగతి కంటికి సగమే తెలుస్తుందనీ, తక్కిన సగం వేలికి తెలుస్తుందనీ మావారి నమ్మకం.

బడి వదిలాక నా పని కండెలు చుట్టడం. కండె అంటే, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల. రాట్నం తిప్పుతూ దాని మీద పట్టుదారం చుట్టాలి. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ ఏడు వాన రాలేదు. అంతకు ముందటి ఏడూ రాలేదు. అద్దకంవారి బావి అడుగంటి, కుంకుమ రంగు పట్టు సగం అద్దిన తర్వాత నీళ్ళు చాలలేదు. తక్కిన సగం ఊరి బయటి ఉప్పునీళ్ళ బావి నీటితో అద్దారు. గదిలో చూస్తే రెండు సగాలూ ఒకటే. ఎండలోకి తెస్తే రెండవది ఒక పిసరు ముదురు. వేలికి ఇసుమంత గరుకు.

నాయన రెండు గంపలు పెట్టి నన్ను పిలిచాడు.

"చూడు పాపా. ఎడమ గంప ఈ చీరకు. కుడి గంప వచ్చే చీరకు. కలిపినావనుకో, ఈడ కనపడదు. కట్టుకున్నామె ఎండలోకి పోతే అడ్డపట్టీ మాదిరి కనపడతాది. అర్థమాయనా?"

"ఆయ నాయనా."

నాలుగు రోజుల తర్వాత ఎదురింటి మామ వచ్చాడు. మామ అనడం వరసకే. నాయనకు బాల్య స్నేహితుడు. గొంతు పెద్దది. గడపలో నుండే అరిచాడు.

"ఏమప్పా, గుంతలోనే పుట్టి గుంతలోనే పోతావా? బెంగుళూరుకు బస్సు మాట్లాడినా. వీధి వీధంతా పోతాండాం. గాజు మేడ, రాజుగారి మేడ, పూలతోట, అన్నీ ఒక్క దినంలో!"

మా అవ్వ, అంటే నాయన తల్లి, మూలలో కూర్చుని చెనక్కాయలు వొలుస్తోంది. "నీళ్ళుండాయా ఆ ఊర్లో?" అని అడిగింది.

"నీళ్ళా? గొట్టం తిప్పితే వస్తాయవ్వా!"

"అట్లయితే నేనూ వస్తా. గొట్టం చూస్తా. మేడలు మీరు చూడండి."

నేను రాట్నం వదిలి వీధిలోకి పరుగెత్తాను. ప్రతి ఇంటికీ వెళ్ళి బెంగుళూరుకు పోతున్నామని చెప్పి వచ్చాను. తిరిగి వచ్చి, గాజు మేడ ఎంత ఎత్తు ఉంటుందో ఆలోచిస్తూ, కండెలు చుట్టాను. మరునాడు చూస్తే కుడి గంపలో రెండు పట్టు చుట్టలు తక్కువ. ఎడమ గంపలో రెండు ఎక్కువ. అప్పటికి ఆ కండెలు నేత అయిపోయాయి. నేసిన గుడ్డ దోనెకు, అంటే మగ్గం ముందరి దూలానికి, చుట్టుకుపోయింది. నాయన భోజనానికి లేచినప్పుడు నేను ఎడమ గంపలోని రెండు చుట్టలు తీసి కుడి గంపలో పెట్టాను. రెండు గంపలూ సరిగ్గా కనిపించాయి. తర్వాత ఊర్బిండి పచ్చడితో సంగటి తిన్నాను. ఆ రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. భయం వేసినట్లు గుర్తు లేదు.

చీర దిగింది. కొసకు పసుపు పెట్టి, మగ్గం మీద నుండి కోసి, నాయన మాకు పట్టు ఇచ్చి చీరలు తీసుకునే సావుకారు ఇంటికి తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. సావుకారు వరండాలో చీర విప్పి, రెండు మడతలు చూసి, "హంసలు బాగా నడుస్తాండాయప్పా" అని లోపలికి పంపించేశాడు. మడత పెట్టేటప్పుడు వరండాలోకి ఎండ పడింది. పైటకొంగు మొదలయ్యే చోటికి జానెడు ఎగువన, నాయన చూపు ఒక్క క్షణం ఆగింది. అంతలో చీర లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నాయన చేటలో బియ్యం పోసుకుని వాకిట్లో కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.

"ఏమిరా, కోడలి పని నువ్వు చేస్తాండావు?" అంది అవ్వ.

"కండ్లు చూసుకుంటాండానమ్మా."

"ఏమాయ కండ్లకు?"

"రెండు రంగులకు తేడా పట్టలేకపోతి. గంపల్లో చుట్టల లెక్క సరిగానే ఉండాది. పట్టు ఏరి రెండు గంపల్లో పెట్టింది నేనే. యాడనో కలిపేసినా. లేకపోతే అది ఉత్త నీడేమో. గట్టిగా చూసేలోగా తీసుకుపోయినారు."

కంటికి తేడా తెలియని నేతగాడు పట్టు మగ్గం వదలవలసిందే. అది మా వీధిలో ఎవరూ చెప్పనక్కరలేని నియమం. నేను రాట్నం ముందు కూర్చుని ఉన్నాను. నేను చెప్పవచ్చు. రెండు మాటలు చాలు. నాయన కొట్టే మనిషి కాడు. కానీ బెంగుళూరుకు ఇంకా వారం రోజులు ఉంది. చెబితే నన్ను తీసుకుపోరేమో అనుకున్నాను. తిరిగి వచ్చాక చెబుదామని నిర్ణయించుకున్నాను. పదకొండేళ్ళ వయసులో కూడా నేను ఏ పనికైనా ముందు ఒక క్రమం ఏర్పరచుకునేదాన్ని.

తెల్లవారుజామునే బస్సు బయలుదేరింది. అమ్మ ఇంట్లో ఉండిపోయింది. సద్ద రొట్టెలు, ఊర్బిండి, చెనక్కాయ ఉండలు, రెండు బిందెల నీళ్ళు ఎక్కించుకున్నాము. దారిలో లేపాక్షి దగ్గర ఆపారు. పెద్ద నంది ముందు మామ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, "మెడలో గంటల పట్టీ చూసినావా అప్పా? అంచుకు పనికొస్తాది" అన్నాడు. గుళ్ళో అందరూ స్తంభాల మీది తీగల నమూనాలనే చూశారు. దేవుడికి దణ్ణం పెట్టడం కొందరు మరిచిపోయి, మళ్ళీ లోపలికి వెళ్ళి వచ్చారు.

బెంగుళూరులోనూ అంతే. మావారు ఊరిని చూడలేదు. ఊరు కట్టుకున్న గుడ్డలను చూశారు. రాజుగారి మేడలో అందరూ పైకప్పును చూస్తుంటే మావారు తెరల చుట్టూ మూగారు. మామ ఏకంగా కాపలావాడి చొక్కా చేతిని నలిపి, "మిల్లు గుడ్డప్పా, ప్రాణం లేదు" అని తీర్పు చెప్పాడు. కాపలావాడు మామ చేతిని తోసేశాడు. అందరూ నవ్వారు. అప్పుడే ఎవరైనా ఒక మాట హెచ్చరించి ఉంటే బాగుండేది. ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నానికి పూలతోట చేరాము. గడ్డి మీద గొట్టాలతో నీళ్ళు చిమ్ముతున్నారు. అవ్వ అక్కడే నిలిచిపోయింది.

"ఎవరి గొడ్లు మేస్తాయి ఈ గడ్డి?"

"ఎవరూ మేపరవ్వా. చూసేదానికే" అన్నాను.

"చూసేదానికా?" అవ్వ గొట్టం వైపే చూస్తూ గడ్డి పక్క గట్టున కూర్చుండిపోయింది. "మీరు పోండి. నాకు చాలు ఇది."

నాయన, నేను గాజు మేడ వైపు నడిచాము. ఎండ చాలా ఉంది. తడిమట్టి వాసన, మొక్కజొన్న పొత్తులు కాల్చే వాసన. నాయన ఉన్నట్టుండి ఆగిపోయాడు. మా ముందు ఇరవై అడుగుల దూరంలో ఒక కొత్త జంట నడుస్తోంది. ఆమె కట్టుకున్నది కుంకుమ రంగు చీర, ఆకుపచ్చ అంచు. అంచులో హంసలు. నేను లెక్కపెట్టాను. ఏడవది వెనక్కి చూస్తోంది.

తాను నేసిన చీరను కట్టుకున్న మనిషిని నాయన అంతవరకు ఎన్నడూ చూడలేదు. చీర ఇంటి నుండి సావుకారుకు వెళ్తుంది. అక్కడితో అది మాకు కనపడదు. నాయన ముఖంలో సంతోషం లాంటిది వచ్చింది. తర్వాత ఆయన చూపు ఆమె వీపు మీదికి, పైటకొంగు మొదలయ్యే చోటికి జానెడు ఎగువకు వెళ్ళింది.

"పాపా, మనదే" అన్నాడు మెల్లగా. "ఆ పట్టీ ఉండాదో లేదో చూసుకుంటా. ఒక్క తూరి వేలికి తగిలితే చాలు."

ఆయన నడక వేగం పెంచాడు. ఇరవై అడుగులు పదయ్యాయి. పది రెండయ్యాయి. మా వీధిలో ఎవరినైనా పలకరించినట్లే, రెండు వేళ్ళు చాచి, ఆ చోట గుడ్డను పట్టుకుని నలిపాడు.

ఆమె కేక వేసింది. భర్త వెనక్కి తిరిగి నాయన చెంప మీద కొట్టాడు. ఒక్క దెబ్బే. "ఏయ్, ఏనో మాడ్తిద్దీయ?" అని అరిచాడు. ఏం చేస్తున్నావురా అని. జనం చేరారు. నాయనకు కన్నడం రాదు. నాకు వచ్చు. అమ్మ పుట్టిల్లు పావగడ వైపు. సెలవులన్నీ అక్కడే గడిపేదాన్ని. నాయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. రెండు వేళ్ళు ఇంకా కలిసే ఉన్నాయి. ఆయన నా వైపు చూశాడు.

"నువ్వు చెప్పు పాపా. చీర సంగతి చెప్పు."

మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. ఇదు నమ్మప్ప నేయ్ద సీరె. ఇది మా నాయన నేసిన చీర. నాలుగు మాటలు. కానీ చీర సంగతి చెబితే, ఆ చోటనే ఎందుకు పట్టుకున్నాడని అడుగుతారు. పట్టీ సంగతి చెప్పాలి. అందరూ ఎండలో ఆ పట్టీని చూస్తారు. పట్టీ ఎట్లా వచ్చిందని నాయన అందరి ముందూ తన కళ్ళను నిందించుకుంటాడు. అప్పుడు గంపల సంగతి నేను చెప్పక తప్పదు. ఇదంతా నేను ఎంత వేగంగా ఆలోచించానో ఇప్పుడు కూడా ఆశ్చర్యంగా ఉంది. ఎవరో ఒకాయన వంగి, "మగూ, నీను ఇవర జొతె బందిద్దీయా?" అని అడిగాడు. పాపా, నువ్వు ఇతనితో వచ్చావా అని.

నేను తల ఊపాను. ఆ పైన ఏమీ చెప్పలేదు.

కూతురు వెంట ఉందని చూసి జనం కొంత మెత్తబడ్డారు. తోట కాపలావాడు నాయన మోచెయ్యి పట్టుకుని గేటు వైపు నడిపించాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె భర్త భుజానికి ఆనుకుని ఏడుస్తోంది. ఎండ సరిగ్గా ఆమె వీపు మీద పడుతోంది. పట్టీ ఉంది. జానెడు వెడల్పు. ఒక పిసరు ముదురు. నేత తెలియని మనిషికి కూడా కనిపించేంత స్పష్టంగా ఉంది.

గేటు దగ్గర మామ దోసకాయ ముక్కలు తింటూ ఎదురొచ్చాడు. ఆయన చూసింది నాయన చెంప, కాపలావాడి చెయ్యి, ఇవే. "ఏమాయప్పా?" అన్నాడు. కాపలావాడు చేతి సైగతో ఆడమనిషి పైట పట్టుకున్నట్లు చూపించాడు. మామ నోట్లో దోసకాయ ముక్క అట్లాగే ఉండిపోయింది. కళ్ళ సంగతి బయటపడుతుందని కాబోలు, నాయన బస్సు వైపు నడిచాడు. ఊర్లో తర్వాత పాకిన కథ అక్కడ పుట్టింది. మామ చెడ్డవాడు కాడు. తాను చూసినదే చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ మా సీటు దగ్గరికి రాలేదు. అవ్వ ఒక్కతే వచ్చి నాయన చెంప మీద తడిగుడ్డ పెట్టింది. తోట గొట్టం దగ్గర తడిపి తెచ్చిన తన పైటకొంగు అది.  పెనుకొండ కొండలు కనబడే వేళకు నాయన నా వైపు తిరిగాడు.

"పాపా. నీవి లేత కండ్లు. ఎండలో చూసింటావు. ఆ పట్టీ కనపడెనా నీకు?"

ఆయనను ఓదార్చాలనుకున్నాను. చీరలో తప్పు లేదని తెలిస్తే ఆయనకు మనసు తేలికవుతుందనుకున్నాను.

"లేదు నాయనా. చీరంతా ఒకటే రంగు."

"సరిగా చూసినావా?"

"చూసినా నాయనా. ఏమీ లేదు."

ఆయన చాలాసేపు తన రెండు వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"నాకు కనపడిందే" అన్నాడు. "వేలికి కూడా తగిలిందే." ఆ తర్వాత, "అట్లయితే లేనిది కనపడతాండాది నాకు. కండ్లూ పోయినాయి, వేలూ పోయింది" అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మరుసటి సోమవారం నాయన మగ్గం గుంతలో నుండి లేచాడు. మళ్ళీ దిగలేదు. హంసల నమూనా దారాలు చిక్కుపడకుండా చుట్టి అటక మీద పెట్టాడు. కొన్నేళ్ళకు ఎలుకలు కొట్టేశాయి. ఆ అంచు కట్టడం వేరెవరికీ రాదు. నాయన చెనక్కాయ మిల్లు గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. మా వీధిలో పిల్లలు ఆయనను చూసి తమ పైటలు, కండువాలు గట్టిగా పట్టుకున్నట్లు నటించేవారు. ఆయన చూడనట్లు వెళ్ళిపోయేవాడు. ఇంటికి ఎవరు వచ్చినా, చేతులు వెనక్కి కట్టుకునే మాట్లాడేవాడు. చివరి వరకూ అంతే.

బెంగుళూరు నుండి వచ్చాక చెబుదామని నేను పెట్టుకున్న క్రమం ఏమైందని అడగవచ్చు. మొదటి వారం చెప్పలేదు. తర్వాత ఆయనకు పని కుదిరింది. తర్వాత నాకు పరీక్షలు. తర్వాత ఉద్యోగం. చెప్పవలసిన మాట ఎక్కడికీ పోలేదు. దానికి ఒక రోజు మాత్రం కేటాయించబడలేదు.

నాయనకు డెబ్బై ఏళ్ళు దాటిన తర్వాత ఒక రోజు, అమ్మ రవిక కుట్టుకుంటూ సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతోంది. నాయన సూది తీసుకుని, దీపం కూడా దగ్గరికి జరపకుండా, ఒక్కసారికే ఎక్కించి ఇచ్చాడు. అద్దాలు లేవు. ఆయనకు జీవితంలో అద్దాలు అవసరం పడలేదు. సూది ఇచ్చిన తర్వాత ఆయన చెయ్యి కాసేపు గాలిలోనే ఆగింది. నా వైపు చూశాడు. నేను పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. దిద్దుతూనే ఉన్నాను. ఆయనకు అప్పుడు తెలిసిందో లేదో నాకు తెలియదు. ఆయనా అడగలేదు.

గత నెల బస్సు చివరికి కదిలి, అదే పూలతోట దగ్గర ఆగింది. ఫొటోలకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. గడ్డి మీద నీళ్ళు చిమ్ముతూనే ఉన్నారు. గాజు మేడ నేను అనుకున్నంత ఎత్తు లేదు. ఆ రోజు దాన్ని మేము చూడనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. గుమాస్తా నన్ను కూడా ఫొటోలో నిలబడమన్నాడు. నిలబడ్డాను.

ఇక నా మనవి. ఇది చాలా ఏళ్ళ నాటి మాట. కొన్ని తప్పులు దొర్లి ఉండవచ్చు. అంచు ఆకుపచ్చే అని నా జ్ఞాపకం. నెమలికంఠం రంగు కూడా కావచ్చు. నీళ్ళు చిమ్మే గొట్టాలు ఆ కాలంలో ఉన్నాయా అని ఎవరైనా సందేహిస్తే, తెలిసినవారు చెప్పగలరు. కన్నడం మాటల్లో పొరపాటు ఉంటే మన్నించి దిద్దండి.

మరొకటి. బెంగుళూరులో ఏదైనా ఇంట్లో, పాత పెట్టెలో, కుంకుమ రంగు పట్టుచీర ఒకటి ఉండవచ్చు. అంచులో హంసలు ఉంటాయి. ఏడవది వెనక్కి చూస్తూ ఉంటుంది. దయచేసి దాన్ని ఎండలోకి తీసుకువెళ్ళి, పైటకొంగుకు జానెడు ఎగువన చూడండి. వేలితో కూడా నలిపి చూడండి. అక్కడ పట్టీ ఉంటే నాకు వ్రాయనక్కరలేదు. లేకపోతే మాత్రం, నేను వ్రాసినది తప్పని తెలియజేయండి.